మందు దగ్గరికి వెళ్ళిన గడ్డ

జూన్ 4

వదినగారికి,

ముందుగా నా రాతకి క్షమించాలి. అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. నా అక్షరాలు వానకి తడిసిన కోడిపిల్లల్లా ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. ఒత్తులు ఎక్కడ మరిచిపోయానో మీరే చూసి, పెట్టుకుని చదువుకోండి. ఫోనులో చెప్పొచ్చు కదా అంటారు. ఆదివారం మీ తమ్ముడు ఫోను నా చేతికిస్తే "బాగున్నారా వదినా" అంటాను. మీరు "ఆ" అనేలోగా చెమటలు పట్టి తిరిగి ఇచ్చేస్తాను. కాగితం మీదైతే నా మొహం ఎవరూ చూడరు. అందుకే ఈ కాస్త ధైర్యం.

సంగతేమిటంటే, నిన్న పొద్దున మా ఇంట్లో భూకంపం వచ్చింది. పొయ్యి మీద పాలు పెట్టి నిలబడ్డాను. మెట్ల మీద ధడధడమని చప్పుడు. ముందురోజు ల్యాబుకి వెళ్ళిన మనిషి అప్పుడు ఇంటికొచ్చారు. తలుపు తీసీ తియ్యగానే నన్ను ఎత్తుకుని గిరగిర తిప్పేశారు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. కింది వాటా ఇంటావిడ "ఎవరమ్మా పడ్డారు?" అంటూ పైకి వచ్చేసింది. నేనింకా గాల్లోనే ఉన్నాను! సిగ్గుతో చచ్చిపోయాను వదినా. ఆయనకి ఆ బాధే లేదు.

"పదిహేడు బతికిందండీ!" అని ఆవిడతో కూడా అరిచారు.

"అయ్యో, బస్సు బోల్తా పడిందా?" అందావిడ.

మీకు అర్థమయ్యేట్టు చెప్తాను. నాకు ఆయన పూసలు పెట్టి చెప్పారు. ఆయన ల్యాబులో చేసేవి పెప్టైడ్లట. పూసల దండలనుకోండి. సరైన పూసలు సరైన వరసలో గుచ్చితే, ఆ దండ వెళ్ళి క్యాన్సర్ కణాన్ని పట్టుకుని పెరగనివ్వదు. చిక్కల్లా మన రక్తంలోనే ఉంది. అందులో కత్తెరల్లాంటివి తిరుగుతుంటాయట. ఏ దండ కనబడినా కొస దగ్గర మొదలుపెట్టి కటకటా కత్తిరించేస్తాయి. ఆయన కట్టిన పదహారు దండలూ అలా ముక్కలైపోయినవే. పదిహేడోదానిలో రెండు మూడు పూసలు తీసేసి, అద్దంలో కనబడేట్టు కుడి ఎడమైన పూసలు పెట్టారు. ఆ పైన రెండు కొసలూ కలిపేశారు. కొసే లేకపోతే పాపం కత్తెరలు ఎక్కడ మొదలుపెడతాయి? దాన్ని రక్తంలో కలిపి ఉంచి, తెల్లారాక కంప్యూటరులో చూస్తే తెర మీద ఒకే ఒక్క కొండ గీత. దండ తెగితే బోలెడన్ని గుట్టలు వస్తాయట. ఒక్క కొండంటే దండ దండలాగే ఉందని. ల్యాబుకి పెద్దాయన ఒకరున్నారు, అందరూ పెద్దసారు అంటారు, జుట్టంతా తెల్లబడిన మనిషి. ఆయన కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టారట!

క్యాన్సర్‌కి మందు దొరికింది వదినా! దొరికినట్టే! ఇక లోకంలో ఎవరికీ కోతలుండవు, కుట్లుండవు. ఇంత సంతోషం నా పొట్టలో పట్టడం లేదు. ఎవరికో ఒకరికి చెప్పకపోతే నేనూ పాలలా పొంగిపోతాను. అందుకే మీకు రాసేశాను.

దుకాణంలో మిషన్లు బాగా తిరుగుతున్నాయా?

ఇంకా కళ్ళు తిరుగుతున్న
మీ మరదలు


జూన్ 9

పిల్లా,

నీ ఉత్తరం చదవడానికి నాకూ కాజాలావిడకీ ఒక పూట పట్టింది. కాజాలావిడంటే నా దుకాణంలో చొక్కాలకి కాజాలు కుట్టే మనిషి. ఊళ్ళో బట్టలన్నీ కుడుతుంది, తన నోరు మాత్రం కుట్టుకోదు. "నోట్లో నాలుక లేని పిల్ల అన్నావు, ఇదేమిటి ఇంత పొడుగు రాసింది?" అంది. చేతిలో ఉందే నాలుక, అన్నాను. మావాడు నిన్ను ఎత్తి తిప్పాడని చదివినప్పుడు ఇద్దరం మిషన్లు ఆపేసి నవ్వాం. వాణ్ణి చంకనేసుకుని మిషను తొక్కినదాన్ని. అమ్మ పోయేనాటికి వాడికి మాటలే రావు. ఈ రోజు వాడు లోకానికి మందు కనిపెట్టాడు! కాజాలావిడ అప్పుడే వీధి వీధంతా చెప్పొచ్చింది.

ఇప్పుడు అసలు మాట. మనసులో పెట్టుకో. నాకు కుడి రొమ్ములో గడ్డ ఉంది. కోటు బొత్తామంత. పోయిన నెల స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. సూదితో తీసి పరీక్ష చేశారు. క్యాన్సరే అన్నారు. తొందరగానే దొరికిందట, తీసేస్తే పోతుందని ఇరవై నాలుగో తారీకుకి ఆపరేషను పెట్టారు. నీ ఉత్తరం సరిగ్గా ఆ కబురు పట్టుకుని నేను ఇంటికొచ్చిన రోజునే అందింది. దేవుడు పంపినట్టు! మర్నాడే వెళ్ళి డాక్టరమ్మతో "మీ కత్తి మీ దగ్గరే ఉంచుకోండి, మా తమ్ముడి దగ్గర మందుంది" అని చెప్పొచ్చాను. ఆవిడ మొహం చూడాలి!

కాబట్టి ఆ పదిహేడు నాకు కాస్త పంపించు. మెడలో వేసుకోవాలా, మింగాలా? మెడలోనే అని కాజాలావిడ, మింగాలని నేను, పందెం వేసుకున్నాం.

వాడికి మాత్రం చెప్పకు. చెబితే పదిహేడునీ పద్దెనిమిదినీ గాలికొదిలేసి ఇక్కడికొచ్చి నా మంచం పక్కన కూర్చుంటాడు. పక్కింటావిడకి కావాలని చెప్పి పట్టుకురా. ఆ మాత్రం తెలివి నీకుందిలే.

మీ వదిన


జూన్ 13

వదినగారూ,

ఈసారి అక్షరాలు వంకరపోతే అది చదువు తప్పు కాదు, వంటింట్లో నిలబడే రాస్తున్నాను.

వద్దు వదినా! మెడలో వేసుకునేది కాదు, మింగేదీ కాదు. అది ఇంకా మందే కాదు! ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు రాసేశాను. మీరు నమ్మేశారు. నా ఉత్తరం చూసి మీరు ఆపరేషను వద్దన్నారని చదివాక నా రాతని నేనే తిట్టుకున్నాను.

మీరు చెప్పినట్టే అడిగాను. భోజనం దగ్గర, ధైర్యం అంతా కూడగట్టుకుని, "పక్కింటావిడకి గడ్డట. మన పదిహేడు కాస్త ఇద్దామా?" అన్నాను.

ఆయన ముద్ద నోటి దగ్గరే ఆపేశారు. "ఎవరా పక్కింటావిడ?"

"అదే, ఈ పక్క."

"ఈ పక్క గోడే కదా ఉంది!"

"గోడ అవతలావిడ" అన్నాను. గోడ అవతల రోడ్డని ఆయనకి గుర్తురాకూడదని మొక్కుకున్నాను. అదృష్టం బాగుంది, మందు మాట వచ్చేసరికి గోడ సంగతి మరిచిపోయారు.

"ఇచ్చానంటే జైల్లో వేస్తారు. వెయ్యాలి కూడా. అది గాజుగొట్టంలో ఒక్క రాత్రి రక్తాన్ని తట్టుకుంది, అంతే. ఒంట్లోకి వెళ్తే ఏం చేస్తుందో ఎవడికి తెలుసు? లివరు పాడు చెయ్యొచ్చు, అసలేమీ చెయ్యకపోవచ్చు. ముందు ఎలుకలు, తర్వాత మనుషులు. పదేళ్ళు అనుకో. అదీ దారిలో చచ్చిపోకపోతే."

"మరి మొన్న నన్నెందుకలా గిరగిర తిప్పారు?"

"మా పనిలో సంతోషాలు తక్కువ. వచ్చిన రోజున తిప్పుకోవాలి" అన్నారు.

"మరి ఆ గోడావిడ ఏం చెయ్యాలి?"

"కోయించుకోమను. చిన్నగా ఉన్నప్పుడు తీయించేస్తే అంతకంటే మంచి మందు నేనివ్వలేను. ఇవాళ కుదిరితే ఇవాళే."

విన్నారా? మీ తమ్ముడు మీకే చెప్పిన మాట అది, మీకని తెలియకుండా. ఇల్లలకగానే పండగైపోదని నాకు ముందే తోచలేదు. మీ కాళ్ళు పట్టుకుంటాను, డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళండి. వెళ్ళానని ఒక్క ముక్క రాయండి. లేకపోతే నేను ఆయనకి చెప్పేస్తాను. సిగ్గూ ఎగ్గూ లేకుండా చెప్పేస్తాను.

భయంతో
మీ మరదలు


జూన్ 16

గోడకి కోడలా,

నన్ను బెదిరిస్తున్నావా? వాడికి చెప్పావో, నీకు వదినా లేదు, వదిన కుట్టిపెట్టే జాకెట్లూ లేవు. ఆపైన నీ ఇష్టం.

జైలు మాటలన్నీ వాడు చిన్నప్పుడు నా దగ్గర విన్నవే. మిషను చక్రం తిప్పితే జైల్లో వేస్తారని నేను వాణ్ణి భయపెట్టేదాన్ని, ఇప్పుడు నాకు అప్పజెబుతున్నాడు. ఇంతకీ ముందు ఎలుకలకిస్తారన్నావు కదా. ఎలుకల పాటి చెయ్యనా నేను? వాటికేమైనా వాడు అన్నం కలిపి పెట్టాడా, అవేమైనా వాణ్ణి పెంచాయా? వాటి వాటాలోంచే ఒక చెంచాడు తీసి పంపమను. గోడావిడకి అని చెప్పు, పోనీ.

కాజాలావిడ ఈ మధ్య వీధిలో వాళ్ళ పేర్లు కూడా రాసుకుంటోంది, మందు వస్తే ఎవరికి ముందు అని. నేనే మొదటిదాన్నట. ఆ మాత్రం మర్యాద చేసింది.

ఇదిగో, ఇక్కడి నుంచి రాసేది ఆవిడని టీకి పంపించి రాస్తున్నాను. నాకు కత్తంటే భయం లేదు. రోజూ కత్తెరతో బతికేదాన్ని. చంకలో గ్రంథులు కూడా తీసి చూస్తామన్నారు. దాంతో చెయ్యి కొన్నాళ్ళు ఎత్తలేవు, వాపు కూడా రావచ్చు అన్నారు. కుడి చెయ్యి, పిల్లా. గుడ్డ మీద సుద్ద గీసే చెయ్యి, కత్తెర పట్టే చెయ్యి. ఈ చేత్తోనే వాణ్ణి చదివించాను. అది ఎత్తలేకపోతే నేనింక ఏ పనికొస్తాను? అందుకే నీ ఉత్తరం వస్తే ఎగిరి గంతేశాను. కుట్లు లేకుండా పోతుందని.

ఇదంతా నువ్వు చదివి ఏడవక్కర్లేదు. చెంచాడు మందు పంపు, చాలు.

మీ వదిన


జూన్ 19

వదినగారూ,

ఏడవలేదు. ఏడ్చే తీరిక లేకుండా ఒక పని చేశాను. చెప్తే మీరు నమ్మరు. నేనూ ఇంకా నమ్మలేదు.

నిన్న మీ తమ్ముడు క్యారియర్ మరిచిపోయి వెళ్ళారు. నేనే పట్టుకుని ల్యాబుకి వెళ్ళాను. గుమ్మం దగ్గర పెట్టి పారిపోదామనుకున్నాను. లోపల ఒకావిడ "అలా కూర్చోండి, ఆయన చల్లగదిలో ఉన్నారు" అంది. పొడులు తూకం చూసే ఆవిడట. ఆవిడ చేతిలో ఉన్న సీసా అడుగున కాస్త దూదిపింజలాంటిది. "ఇదేనండీ పదిహేడు" అంది.

వదినా, మీరు చెంచాడన్నారే! మొత్తం లోకంలో ఉన్న పదిహేడంతా కలిపితే నా చిటికెన వేలి గోరు మీద పడుతుంది. అంత తేలిక అది, మూత తీస్తే దానంతటదే ఎగిరి గాజుకి అతుక్కుంటుంది. ఆవిడ ఊపిరి బిగపట్టి తూకం వేస్తోంది. సరిగ్గా అప్పుడు నాకు తుమ్ము వచ్చింది! ముక్కు పట్టుకున్నాను. కళ్ళు బయటికొచ్చాయి. కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆవిడ నన్ను చూసి తన పనీ ఆపలేక, నవ్వూ ఆపలేక... ఎలాగో తుమ్ము మింగేశాను. తుమ్మి ఉంటే మీ తమ్ముడి ఏడాది పని గాల్లో కలిసిపోయేది, నా కాపురం కూడా.

అప్పుడే మంచు గడ్డలు పెట్టిన తెల్ల పెట్టె ఒకటి వచ్చింది. దాని మీద మీ ఊరి పెద్దాసుపత్రి ముద్ర! ఏమిటని అడిగితే, ఆపరేషనులో తీసిన గడ్డల్లో పరీక్షకి పోగా మిగిలిన ముక్కలట. మనిషి ఒప్పుకుంటేనే పంపుతారు. ఆ కణాల్ని ఇక్కడ గిన్నెల్లో బతికించి వాటి మీద పదిహేడుని వేసి చూస్తారు.

నా బుర్రలో దీపం వెలిగింది. పెద్దసారు అటుగా వెళ్తున్నారు. లేచి నిలబడి అడిగేశాను. నా గొంతు నాకే వినపడలేదు.

"ఏమిటమ్మా?"

మళ్ళీ అడిగాను.

"నా చెవులు ముసలివమ్మా. గట్టిగా."

"మాకు తెలిసినావిడ గడ్డ ఇస్తే తీసుకుంటారా?" అని అరిచేశాను. ల్యాబులో అందరూ తిరిగి చూశారు. ఆ క్షణంలో నేల చీలితే దూకేసేదాన్ని.

పెద్దసారు నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పారు. "సంతోషంగా తీసుకుంటాం. కానీ ఆవిడకి తిన్నగా చెప్పు. ఆపరేషను ఆవిడ కోసం. మిగిలిన ముక్క మా కోసం. దానివల్ల ఆవిడకి మందు రాదు, ఎప్పుడో ఇంకొకరికి రావచ్చు." పేరు రాస్తారా అంటే, "పేరుండదు, నంబరే. ఎవరిదో మాకు తెలియకూడదు" అన్నారు. పోతున్నదాన్ని పిలిచి, "చెయ్యి సంగతి అడిగితే, ఆపరేషనైన మర్నాటి నుంచీ వ్యాయామం నేర్పుతారని చెప్పు. చాలామంది మామూలుగా పనులు చేసుకుంటారు. ఆవిడ పనేమిటో డాక్టరుకి ముందే చెప్పమను" అన్నారు. చెయ్యి మాట నేను ఎత్తనే లేదు వదినా! "మా ఆవిడకీ అయింది" అన్నారు. అంతే.

కాబట్టి వినండి. మందు మీ దగ్గరికి రాలేదు. గడ్డే మందు దగ్గరికి వెళ్ళొచ్చు. మీ ఒంట్లో చెప్పాపెట్టకుండా దూరి కూర్చున్నదాన్ని బయటికి లాగించి, మీ తమ్ముడి చేతికి అప్పజెప్పండి. దాని పని ఆయన చూసుకుంటారు.

ఇరవై నాలుగు ఇంకా దాటలేదు. డాక్టరమ్మని అడగండి.

గొంతు బొంగురుపోయిన
మీ మరదలు


జూన్ 28

పిల్లా,

ఇది ఎడమ చేత్తో రాస్తున్నాను. నీ కోడిపిల్లల్ని ఇంక ఎప్పుడూ వెక్కిరించను. నావి కోడిపిల్లలు కూడా కావు, గుడ్లు.

అయిపోయింది. ఇరవై నాలుగునే. నా చోటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదట. "మీరు వస్తారని నాకు తెలుసు" అంది డాక్టరమ్మ. "నేను రాలేదు, మా మరదలు తోసింది" అన్నాను.

నీ ఉత్తరం చదివిన రోజు ఏం జరిగిందో చెప్తాను. "చెప్పాపెట్టకుండా దూరి కూర్చున్నది" అని రాశావు చూడు, అక్కడ నాకు ఒళ్ళు మండింది. నిజమే కదా! అద్దె లేదు, అడగడం లేదు. అద్దం ముందు నిలబడి దానితోనే మాట్లాడాను. "నా తమ్ముడి దగ్గరికి పంపిస్తా, ఉండు. వాడు నీకు చేసే మర్యాద చూద్దువుగాని" అన్నాను. కాజాలావిడ తలుపు చాటు నుంచి విని, నాకు మతి చలించిందని పక్క కొట్టువాణ్ణి పిలుచుకొచ్చింది.

మత్తు సూది ఇచ్చేముందు డాక్టరమ్మకి మూడు మాటలు చెప్పాను. ఒకటి, నేను దర్జీని, చెయ్యి జాగ్రత్త. రెండు, ముక్క పంపడం మరిచిపోవద్దు. మూడు, కుట్లు దగ్గర దగ్గరగా వెయ్యాలి, దూరం కుట్లైతే విప్పి మళ్ళీ వేయిస్తాను. ఆవిడ మాస్కు లోపలే నవ్వింది. మెలకువ వచ్చాక చూసుకున్నాను. పరవాలేదు, చెయ్యి తిరిగిన మనిషే. రొమ్ము ఉంచి గడ్డ వరకే తీశారు, పరీక్షకి చంకలో గ్రంథులు కూడా.

ముక్క మీద నా పేరు రాసి, "తమ్ముడికి అక్క దీవెనలతో" అని చీటీ కట్టమన్నాను. నర్సు చస్తే ఒప్పుకోలేదు. నంబరే అంటుంది. పోనీలే. ఒకవేళ అది తిన్నగా మీ ఇంటికే వస్తే వంటింటి ఫ్రిజ్‌లో పెట్టకు, ముందే చెప్తున్నాను.

ఇంకో సంగతి. నీ ఉత్తరం వార్డులో పైకి చదివాను. తుమ్ము దగ్గర అందరూ కుట్లు పట్టుకుని నవ్వారు. ఒకావిడ నిజంగానే కుట్టు పిగిలిందని నర్సుని పిలిచింది. ఆ పైన ఏమైందో తెలుసా? ఇంకా ఆపరేషను కావలసినవాళ్ళందరూ "మా ముక్కలు కూడా పంపండి" అని కాగితాల కోసం పేచీ పెట్టారు. కుర్రడాక్టరు బిత్తరపోయాడు. ఎప్పుడూ బతిమాలితే ఇచ్చే సంతకాలు, ఇప్పుడు వరస కట్టారు.

గ్రంథుల రిపోర్టు ఇంకా రాలేదు. పాకిందో లేదో దానితో తేలుతుంది. చెయ్యి భుజం దాకా లేస్తోంది. రోజూ గోడ మీద వేళ్ళతో పైకి పాకించాలి. గోడావిడ అని పేరు పెట్టావుగా, నిజం చేశావు.

మీ వదిన


జూలై 4

వదినా! వదినా!

వార్డులో చదివారా? నా తుమ్ముని? ఇక్కడికి మీ ఊరు ఎంత దూరమో లెక్కేసుకుని, ఎవరూ నన్ను గుర్తుపట్టరని మనసుకి సర్దిచెప్పుకున్నాను. తర్వాత ఆ ఎడమచేతి రాత మళ్ళీ మళ్ళీ చదివి గదిలో ఒక్కదాన్నీ గెంతాను. కింది ఇంటావిడ చీపురుకర్రతో కప్పు మీద కొట్టింది.

ముక్క ఇంటికి రాలేదు, ఫ్రిజ్ క్షేమం. ఆ వారం మీ ఊరి పెట్టెలో మూడు ముక్కలొచ్చాయట. అందులో ఒకటి మీదే అయ్యుండాలి. ఏదో ఎవరికీ తెలియదు. మీ తమ్ముడికైతే అసలేమీ తెలియదు. మూడు గిన్నెలు ముందు పెట్టుకుని కూర్చుంటున్నారు. రోజూ భోజనం దగ్గర వాటి కబుర్లే. నేను కూర వడ్డించే వంకతో వంటింట్లోకి పోయి నవ్వుకుని వస్తున్నాను.

రెండు గిన్నెలు మంచివట. పదిహేడు వెయ్యగానే తలొంచేశాయి. మూడోది ఉంది చూశారూ, దానికి చీమ కుట్టినట్టైనా లేదట!

"ఏం పొగరు దానికి!" అంటారు. "మోతాదు పెంచితే ఇంకా కులాసాగా పెరుగుతోంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం."

"మీకెవరైనా గుర్తొస్తున్నారా?" అని అడిగేశాను, నోరు జారి.

"ఎవరు?"

"ఎవరూ లేదు. మజ్జిగ పోయనా?"

నిన్న దానికి 'గయ్యాళి' అని పేరు కూడా పెట్టారు. "గయ్యాళి ఇవాళ కూడా లొంగలేదు" అంటూ చెప్పులు విప్పుతారు. అచ్చం మీరే వదినా, నా మనసుకి తెలిసిపోయింది.

ఇదంతా నవ్వులాట. నాకు కావలసింది ఒక్కటే. పదిహేడు గెలిచినా ఓడినా నాకేం పట్టదు. గ్రంథుల రిపోర్టు రాగానే రాయండి. పోస్టుమాను గంట వినబడితే చాలు, మెట్లు దిగి పరిగెడుతున్నాను.

మీ మరదలు


జూలై 12

పిల్లా,

కుడి చెయ్యి! చూశావా? గీతలు వంకరే, కానీ కుడి చేతివి.

పాకలేదు. గ్రంథులన్నీ శుభ్రంగా ఉన్నాయి. డాక్టరమ్మ చదువుతుంటే నాకు "లేదు" అన్న మాట ఒక్కటే వినపడింది. కాజాలావిడ అక్కడే నన్ను కావలించుకుని ఏడ్చింది, కుట్ల మీద పడి. "దూరం జరుగవే" అని నేనూ ఏడ్చాను. కొన్ని వారాలు కరెంటు, అదే రేడియేషనట, పెట్టించుకోవాలి, మాత్రలు వేసుకోవాలి. అవన్నీ వేసుకుంటాను. పోట్లాడే ఓపిక మిషను మీద పెడుతున్నాను.

నిన్న మొదటి చొక్కా కత్తిరించి కుట్టాను. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి వచ్చింది. గుడ్డ ఇచ్చిన పెద్దమనిషి వేసుకు చూసి, "ఫరవాలేదమ్మా, గడియారం కనబడుతుంది" అని పట్టుకుపోయాడు.

ఆ గయ్యాళి నాదే. అందులో సందేహం లేదు. ఆ రెండు మెతక గిన్నెలూ నావని ఎవరైనా అంటే ఊరుకోను. లోకానికి మందు కనిపెట్టేవాణ్ణి ముప్పుతిప్పలు పెట్టింది, చిన్న సంగతా? వాడు దాన్ని ఇంకేమేం తిట్టాడో అన్నీ రాయి. దుకాణానికి బోర్డు రాయించుకుంటాను.

ఇంక వాడికి చెప్పు. నేను చెబితే ఫోనులోనే ఏడుస్తాడు, నాకు పని పాడు. అన్నం తిననిచ్చి చెప్పు.

మీ గయ్యాళి వదిన


జూలై 17

వదినా,

అన్నం తిననిచ్చి చెప్పలేకపోయాను. మీ ఉత్తరం పొద్దున వచ్చింది. పాకలేదన్న మాట దాకా చదివి, చెప్పులు కాళ్ళకి తొడుక్కుని ల్యాబుకి పరిగెత్తాను. క్యారియర్ లేదు, వంక లేదు. ఎవరైనా చూస్తారేమోనన్న ఆలోచన దారిలో సగం దూరం వెళ్ళాక వచ్చింది. అప్పటికే చాలామంది చూశారు, ఇంకేం చేస్తాం!

ఆయన వరండాలో ఉన్నారు. నన్ను చూసి "ఏమైంది?" అన్నారు. రొప్పుతూ, తలా తోకా లేకుండా చెప్పాను. గోడావిడ బాగుంది, గోడావిడ మీ అక్క, పాకలేదు, కోసేశారు, చెయ్యి లేస్తోంది, గయ్యాళి ఆవిడే!

ముందు అర్థం కాలేదు. తర్వాత అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయారు. "నాకెందుకు చెప్పలేదు?" అన్నారు. మీరు వద్దన్నారన్నాను. "నాకంటే నీకే ముందు చెప్పిందా అక్క?" అన్నారు. నేను తల ఊపాను. కోప్పడతారనుకున్నాను. మొహం తుడుచుకుని, "ఉత్తరం ఇటియ్యి" అన్నారు. గయ్యాళి బోర్డు దగ్గరికి వచ్చేసరికి ఏడుపూ నవ్వూ కలిసి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. పెద్దసారు నీళ్ళు తెచ్చిచ్చారు.

ఆ గయ్యాళి వల్లే దారి దొరికిందట తెలుసా! పదిహేడు ఎక్కడ పట్టు జారిపోతోందో మూడో గిన్నె చూపించింది. ఆ చోట పూస మార్చి పద్దెనిమిది కడుతున్నారు. "లొంగినవి సంతోషపెడతాయి, లొంగనిదే పని నేర్పుతుంది" అన్నారు పెద్దసారు. నేను గర్వంగా నిలబడ్డాను, నా గిన్నె అయినట్టు.

ఇంక ఇప్పుడు రాసేది ఆయన ఒట్టు పెట్టించుకున్న సంగతి. మీకు చెప్పనని మాటిచ్చాను. చెప్పడం లేదు, రాస్తున్నాను.

మిమ్మల్ని చూడడానికి మీ ఊరికి బయల్దేరే ముందు, చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళారు. ఎంతకీ రాకపోతే తలుపు అద్దంలోంచి చూశాను. గిన్నెలు ఉంచే వెచ్చటి పెట్టె తలుపు తీసి దాని ముందు వంగి నిలబడ్డారు. ఆ గిన్నెల్లో ఏముందో, దానికి ఎవరి మాటా వినబడదని, ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? అయినా సన్నగా వినిపించింది.

"ఇన్నాళ్ళూ నోటికొచ్చినట్టు తిట్టాను. తప్పయిపోయిందక్కా."

ఒక గిన్నెకి చెప్పారు. ఏది మీదో తెలియదు కదా! పక్క గిన్నెకి కూడా అదే చెప్పారు. తర్వాత మూడోదానికి. మూడింటికీ వేరువేరుగా, ఎవరి వాటా వారికి ఇచ్చినట్టు. తలుపు మూసి ఇటు తిరిగేసరికి అద్దంలో నా మొహం! చెవులు ఎర్రబడిపోయాయి. ఈ కాపురంలో సిగ్గుపడేది నేనొక్కదాన్నే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఆయన మధ్యాహ్నం బస్సెక్కారు. ఈ ఉత్తరం వచ్చేసరికి మీ ఎదురుగానే మిషను స్టూలు మీద కూర్చుని ఉంటారు. ఆయన కాఫీ తాగుతుండగా అటు తిరిగి గబగబా చదివెయ్యండి. ఈసారి ఎవరికీ చదివి వినిపించకూడదు, వార్డు లేదు, వీధి లేదు, కాజాలావిడ అసలే లేదు. మూడు గిన్నెల సంగతి మాత్రం మనసులో దాచుకుని, కాగితాన్ని అప్పటికప్పుడే కాల్చెయ్యండి.

మీ మరదలు